నాలుగు మూలలా పసుపు పూసిన ఇంగ్లీషు

పులివెందుల,
2 సెప్టెంబరు 1957

ఎర్రగుంట్ల బడిలో నా బెంచీ సగం ఆక్రమించిన ఆనందయ్యకు విశ్వేశ్వరయ్య ఆశీర్వదించి రాయడం ఏమంటే,

ఇక్కడ అందరం క్షేమం. ఇన్నేళ్లకు నీ పేరు గుర్తొచ్చిందంటే ఏదో పని పడి ఉంటుందని నువ్వు అనుకుంటావు. పనే పడింది, దాచేదేముంది.

మా లలిత మార్చిలో ఎస్సెల్సీ రాసింది. అన్నిట్లోనూ గట్టెక్కింది గాని ఇంగ్లీషు ఆరు మార్కుల్లో పోయింది. మాటలకు అర్థాలు రాయమని పది మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చారట. దానికి పిల్ల చెయ్యే పెట్టలేదు. పెట్టి ఉంటే ఈపాటికి మా ఊరి ఆడపిల్లల బడిలో టీచరమ్మ అయ్యేది. ఆ ఉద్యోగం వచ్చే జూన్ దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆపుతామని బడి పెద్దలు మాటిచ్చారు. వచ్చే మార్చిలో కూడా తప్పితే ఇక ఆపరు.

ఫెయిలైన రోజు నుంచి పిల్ల గడప దాటడం లేదు. ఎవరడిగినా "నాకే మాటలు రాలేదు" అంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు ముప్పై ఏళ్లుగా ఆ భాష చెబుతున్నవాడివి. వారానికి పది మాటలు అర్థాలతో సహా రాసి పంపు. నీ మేలు మరిచిపోను.

ఇట్లు,
నీ విశ్వేశ్వరయ్య

తా.క. ఇంగ్లీషులో మొత్తం ఎన్ని మాటలున్నాయో కూడా రాయి. ఏ పండగ లోపల ముగించవచ్చో పంచాంగం చూసుకుంటాను.


జమ్మలమడుగు,
8 సెప్టెంబరు 1957

స్వామివారికి ఆనందయ్య వందనాలు. ప్రభువు కృపవల్ల నేనూ ప్రేమమ్మా కుశలం.

నీ ఉత్తరం చూసి ప్రేమమ్మ, నేను ఎంత సంతోషించామో చెప్పలేను. లలితను నేను చూసింది అన్నప్రాసన నాడే. అప్పుడు నా కళ్లజోడు లాగి కింద పడేసింది. అంత చురుకైన పిల్ల మాటలకు తలవంచడం ఏమిటి, నేను చూసుకుంటాను.

నా పద్ధతి చెబుతాను విను. మాటలను విడివిడిగా బట్టీ పడితే నిలవవు. మనుషులకు ఇంటిపేర్లు ఉన్నట్టు మాటలకూ ఉంటాయి. ఒకే అక్షరాలు పంచుకున్న మాటలను ఒక చోట కూర్చోబెడితే ఒకటి గుర్తొస్తే దాని వెంట మిగతావి వస్తాయి. మొదటి కార్డు 'కె', 'ఎన్' వారి కుటుంబం: నైఫ్ అంటే కత్తి, నీ అంటే మోకాలు, నాట్ అంటే ముడి, నాక్ అంటే తలుపు తట్టడం. వీటన్నిటికీ ముందు 'కె' ఉంటుంది గాని పలకదు.

కవర్లలో కాక కార్డుల మీదే పంపుతాను. పిల్ల వంటింటి గోడకు గుచ్చుకుంటే పప్పు ఉడికేలోపల రెండు మాటలైనా కంటపడతాయి.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. మొత్తం మాటలు ఎన్నో నాకూ తెలియదు. తెలిసినవాడు ఇంగ్లండులో కూడా లేడు. పంచాంగం మూసెయ్యి.


పులివెందుల,
3 అక్టోబరు 1957

చెల్లెలు ప్రేమమ్మకు అన్న విశ్వేశ్వరయ్య కన్నీళ్లతో రాస్తున్నది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. మొన్న నేను వేంపల్లెలో ఒక గృహప్రవేశం చేయించి సాయంత్రం ఇల్లు చేరేసరికి అనసూయ, లలిత తలస్నానాలు చేసి తడి జుట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నారు. జమ్మలమడుగు నుంచి చావు కబురు వచ్చిందన్నారు. జమ్మలమడుగులో మాకు ఉన్నది ఒక్క ఆనందయ్యే. నేను చొక్కాతోనే బావి దగ్గరికి పోయి నాలుగు చేదల నీళ్లు పోసుకున్నాను.

వాడి లాంటి మనిషి మళ్లీ పుట్టడమ్మా. బడిలో నేను మడి మడి అంటుంటే అందరూ నవ్వేవారు. వాడు మాత్రం బెంచీ మీద సున్నంతో గీత గీసి, నా వైపుకు ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నాకు లెక్కలు రాకపోతే తన పలక ఇటు తిప్పి పెట్టేవాడు. ఈ సంగతి వాడికి ఎన్నడూ చెప్పలేదు. ఎదుటపడితే ఎగతాళే చేశాను. ఇప్పుడు చెప్పుకుందామంటే మనిషి లేడు.

ధైర్యంగా ఉండు. ఏ సాయం కావాలన్నా ఈ అన్న ఉన్నాడు.

ఇట్లు,
విశ్వేశ్వరయ్య

తా.క. ఈ సమయంలో అడగకూడదు. అయినా పోయేముందు వాడు రాసిపెట్టిన మాటలు ఏవైనా ఉంటే, నీకు వీలైనప్పుడే, పంపగలవు.


జమ్మలమడుగు,
7 అక్టోబరు 1957

విశ్వేశ్వరయ్యా, కీర్తిశేషుడు ఆనందయ్య పొద్దున రెండు దోసెలు తిని రాస్తున్న ఉత్తరం ఇది.

నీ ఉత్తరం వచ్చేటప్పటికి నేను బడిలో పాఠం చెబుతున్నాను. ప్రేమమ్మ అది చదివి, తలుపులు బార్లా వదిలేసి బడికి వచ్చింది. కిటికీలోంచి నన్ను తేరిపార చూసి వెనక్కు పోయింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నంలో నెయ్యి కొంచెం ఎక్కువే పడింది.

నేను పంపింది 'ఇ', 'ఏ' అనే అక్షరాలు పక్కపక్కన నిలబడే మాటల కుటుంబం. డెత్ చావు, హెడ్ తల, బ్రెత్ ఊపిరి, బ్రెడ్ రొట్టె, హెల్త్ ఆరోగ్యం, వెల్త్ సంపద, ఇలా పది. చావు కబురు ఎక్కణ్ణించి వచ్చింది? చనిపోయినవాడు కార్డు కింద సంతకం పెడతాడా? ఆ ముక్కయినా చదవలేదా మీ ఇంట్లో?

నువ్వు రాసిన మంచి మాటలు మాత్రం వెనక్కు ఇవ్వను. నలభై ఏళ్ల స్నేహంలో నీ నోట ఒక్కటీ వినలేదు. ఆ కాగితం బైబిలులో పెట్టుకున్నాను.

ఇట్లు,
బతికి ఉన్న ఆనందయ్య

తా.క. ఆ గీత సున్నంతో గీసింది నీ మడి కోసం కాదు. నువ్వు నా వేరుశనక్కాయలు తింటున్నావని.


పులివెందుల,
12 అక్టోబరు 1957

నూరేళ్లు బతకవలసిన ఆనందయ్యకు విశ్వేశ్వరయ్య సిగ్గుపడుతూ రాయునది.

నీ చేతిరాత చూసి ఇంట్లో ముగ్గురం ఏడ్చాం. ఇప్పుడు జరిగింది విను. తపాలా తెచ్చే ఫకీర్ సాహెబు కార్డులు చదివి వినిపించి గాని చేతికివ్వడు. అది అతని అలవాటు. పైన జమ్మలమడుగు అని ఊరి పేరు, కింద మొదటి ముక్క చావు అని కనిపించగానే అతను మంచిమనసుతో అక్కడే ఆపేసి, "అమ్మా, గుండె గట్టి చేసుకోండి, సావు కబురొచ్చిండాది" అన్నాడు. మా పద్ధతి నీకు తెలిసిందే. చావు కార్డు గడప లోపలికి తేకూడదు, చదివిన వెంటనే చించెయ్యాలి. అనసూయ అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేసి కాలవలో వేసింది. ఇక నీ సంతకం చూసేదెవరు?

దీనికి ఉపాయం నేనే కనిపెట్టాను. ఇకనుంచి కార్డు నాలుగు మూలలా కాస్త పసుపు పూసి పంపు. పసుపు ఉన్న కార్డును మా ఇంట్లో ఎవరూ చించరు. నేల మీద కూడా పెట్టరు. ఆ చావు ముక్క తీసేసి, ఆ కుటుంబాన్నే మళ్లీ ఒకసారి పంపు.

ఇట్లు,
విశ్వేశ్వరయ్య

తా.క. ఆ పలకని 'కె' నాకు బాగా నచ్చింది. మా వాళ్లలో కూడా ఉన్నారు. పంక్తిలో మొదట కూర్చుంటారు, మంత్రం మాత్రం ఒక్కటీ నోట పలకదు.


జమ్మలమడుగు,
24 నవంబరు 1957

స్వామివారికి ఆనందయ్య వందనాలు.

నీ ఉపాయం బాగానే ఉంది, నా పరువే పోతోంది. ఆరు వారాలుగా ప్రతి సోమవారం నేను పసుపు పూసిన కార్డు పట్టుకుని పోస్టాఫీసుకు పోతుంటే ఊరంతా చూస్తోంది. మా సంఘపెద్ద మోషేగారు నిన్న సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు ప్రార్థన చేశారు. లేచేటప్పుడు, "ఏంది ఆనందయ్యా, బాపనోళ్లకు పెండ్లి సంబంధాలు చూస్తాండావంట" అన్నారు. ఇంగ్లీషు మాటలని చెప్పాను. ఆయన పసుపు అంటిన నా వేళ్ల వైపు చూసి మళ్లీ ప్రార్థన మొదలుపెట్టారు.

అదలా ఉంచి, ఒక సందేహం. 'జి', 'హెచ్', 'టి' కుటుంబం పంపాను గదా: లైట్ వెలుగు, నైట్ రాత్రి, ఫైట్ పోట్లాట. దానికి లలిత చీటీ రాసింది. అవే అక్షరాలతో ఎయిట్, వెయిట్ ఉన్నాయి గదా, అవి పలికే తీరు వేరు కాబట్టి వదిలేశారా అని. అంతకుముందు కార్డులో నేను ఒక అక్షరం మింగితే అదీ పట్టుకుంది. ఈ మాటలు తెలిసిన పిల్ల పది మార్కుల ప్రశ్నకు చెయ్యి పెట్టకపోవడం ఏమిటి? నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. మా ఇంట్లో మూడు రోజులుగా పప్పు తెల్లగా వస్తోంది. పసుపు డబ్బా ప్రేమమ్మ ఎక్కడ దాచిందో చెప్పడం లేదు.


పులివెందుల,
19 జనవరి 1958

ఆనందయ్యకు విశ్వేశ్వరయ్య ఆశీస్సులు. ఉత్తరం ఆలస్యమైంది. ఇల్లు ఇల్లులా లేదు.

అనసూయ అన్న కామేశ్వరరావు ప్రొద్దుటూరులో ఉంటాడని నీకు తెలుసు. పరీక్షకు మేం దిగేది ఆయన ఇంట్లోనే. మా ఇంటికి వారం వారం పసుపు కార్డు వస్తోందని ఎవరో బస్సులో చెప్పారట. మొన్న శుక్రవారం చెప్పాపెట్టకుండా వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా, "ఏంది బావా ఇది, మేనమామను నేను సచ్చినానా? పిల్లకు సంబంధం చూస్తా నాకొక మాట చెప్పకూడదా?" అన్నాడు. నేను నవ్వి, వంటింటి గోడ చూపించాను. చూపించకుండా ఉండవలసింది.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అర్థాలు మాత్రం గట్టిగా చదివాడు. నువ్వు రెండోసారి పంపిన కార్డు అది. సంపద అన్నాడు, ఆరోగ్యం అన్నాడు, తల ఊపాడు. పిల్లవాడు మంచివాడే అన్నట్టు అనసూయ వైపు చూశాడు. ఆ తర్వాత రొట్టె అని చదివి ఆగిపోయాడు. కింద నీ సంతకం చూశాడు. జమ్మలమడుగు, ఆనందయ్య, రొట్టె. పిల్లను కిరస్తానీ ఇంటికి ఇస్తున్నామని తీర్మానించుకున్నాడు. లలిత ఎంత చెప్పినా వినలేదు. పరీక్షకు తన గడప తొక్కవద్దని చెప్పి అదే బస్సుకు వెళ్లిపోయాడు.

అనసూయ రెండు రోజులుగా ఏడుస్తోంది. మార్చిలో ఇంగ్లీషు పరీక్ష సోమవారం పొద్దున. ముందురోజు ప్రొద్దుటూరులో దిగడానికి ఇప్పుడు మాకు ఇల్లు లేదు. నీ సందేహానికి జవాబు మరోసారి రాస్తాను.

ఇట్లు,
విశ్వేశ్వరయ్య

తా.క. మాటలు నాకూ వచ్చేస్తున్నాయి. తెల్లవారుజామున వేదం చెప్పుకున్నట్టు వరస కట్టి చెబుతున్నాను. నైఫ్ నీ, నీ నైఫ్, నైఫ్ నీ నాట్. స్వరం బాగా కుదిరింది. పక్కింటివాళ్లు ఇది ఏ శాఖ అని అడిగారు.


జమ్మలమడుగు,
27 జనవరి 1958

విశ్వేశ్వరయ్యకు ఆనందయ్య, ప్రేమమ్మ కలిసి చెప్పేది.

రొట్టె సంగతి చదివి ప్రేమమ్మ నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. మా ఇంట్లో రొట్టె జ్వరం వస్తేనే. మిగతా రోజుల్లో మేమూ సంగటే తింటాం, మీ బావమరిదికి చెప్పు.

ఇల్లు లేదని ఎందుకు రాశావు? పరీక్షకు ముందురోజు ఆదివారం మధ్యాహ్నానికి ముగ్గురూ ఇక్కడికి రండి. పెరటి వసారాకు ప్రేమమ్మ సున్నం వేయించింది. కొత్త పొయ్యి, కొత్త కుండలు పెట్టింది. నీళ్లు మీరే తోడుకోండి, వంట అనసూయమ్మగారే చేసుకోవచ్చు. మేము ఆ వైపుకు రాము. సోమవారం బస్సెక్కితే గంటలో ప్రొద్దుటూరు. నేనూ వెంట వస్తాను.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. మేము ఆ వైపుకు రామన్నది ప్రేమమ్మ మాట. నేను చారు వాసన వస్తే వస్తాను.


పులివెందుల,
6 మార్చి 1958

ఆనందయ్యకు విశ్వేశ్వరయ్య.

నీ ఉత్తరానికి ఏం రాసినా తక్కువే. వస్తున్నాం. ఒక్కటి చెప్పు. సోమవారం పొద్దున బస్సు ఎన్నింటికి? ఏడున్నరకు ముందే ఉందా? లేదా తొమ్మిది తర్వాత ఏదైనా ఉందా? తొందరగా రాయి.

ఇట్లు,
విశ్వేశ్వరయ్య


జమ్మలమడుగు,
10 మార్చి 1958

విశ్వేశ్వరయ్యకు ఆనందయ్య.

పరీక్ష తొమ్మిదింటికి. తొమ్మిది తర్వాత బస్సు ఎందుకయ్యా, ఎవరిని పరీక్షకు పంపడానికి? అయిదున్నరకు ఒకటి తాడిపత్రి వైపు నుంచి వస్తుంది గాని నిండిపోయి వస్తుంది, ఆపడు. మనది ఏడూ నలభై బస్సు. అదొక్కటే. డ్రైవరు బాషా నా దగ్గర చదివినవాడే, ముందు సీటు ఆపుతాడు.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. నువ్వు గడియారం గురించి అడగడం ఇదే మొదటిసారి. ఒంట్లో బాగుంది గదా?


జమ్మలమడుగు,
30 మార్చి 1958

ఇల్లు చేరి ఒక్క ముక్క కూడా రాయని విశ్వేశ్వరయ్యకు ఆనందయ్య వందనాలు.

మీరు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ప్రేమమ్మ ఆ పొయ్యిని చెరిపెయ్యనివ్వడం లేదు.

ఆ సోమవారం సంగతి అడగాలని ఉంది. బస్సు మోత పెడుతోంది. లలిత మెట్టెక్కింది. నువ్వు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వదలవు. నీ ముఖాన చెమట కారుతోంది. బాషా నాలుగుసార్లు హారను కొట్టాడు. నేను వెనకాల ఉండి పిల్ల నీతో ఏదో అనడం చూశాను గాని వినపడలేదు. నువ్వు ఉన్నట్టుండి ఆమెను లోపలికి నెట్టి, నువ్వూ ఎక్కి, దారి పొడుగునా కళ్లు మూసుకుని కూర్చున్నావు. బస్సంటే అంత భయమా నీకు?

ప్రొద్దుటూరులో నువ్వు బస్సు దిగీ దిగగానే గుడికి పోయావు గదా, పరీక్ష గేటు దగ్గర కామేశ్వరరావుగారు నిలబడి ఉండటం చూసి నేను జడిశాను. పెండ్లికొడుకును పట్టుకుందామని వచ్చాడట పాపం. వెంట ఉన్నది బట్టతల మనిషినైన నేను. నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వేనా రొట్టె?" అన్నాడు. అవునన్నాను. పరీక్ష అయ్యేదాకా ఇద్దరం ఒకే చెట్టు నీడన కూర్చున్నాం. మధ్యలో ఇంటికి పోయి మజ్జిగ తెచ్చాడు. లలితకే అన్నాడు గాని చెంబు పెద్దది.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది. రాజీ కుదిరిన రోజున అడగకూడదని ఊరుకున్నాను.


పులివెందుల,
22 మే 1958

నా అన్నదమ్ములకంటే దగ్గరైన ఆనందయ్యకు విశ్వేశ్వరయ్య రాయునది.

లలిత నంబరు పేపర్లో పడింది. ఇంగ్లీషులో అరవై రెండు. బడి నుంచి ఉత్తరం కూడా వచ్చింది, ఉద్యోగం ఇచ్చారు. నిన్న పిల్ల ఒక్కతే బజారుకు పోయి పూలు కొనుక్కుని వచ్చింది.

ఇప్పుడు నీకు ఒక నిజం చెప్పాలి. నువ్వు నవంబరులో అడిగావు, ఆ పిల్ల ఆ ప్రశ్నకు చెయ్యి ఎందుకు పెట్టలేదని. నువ్వు పంపిన మాటల్లో లలితకు తెలియనిది ఒక్కటీ లేదు ఆనందయ్యా. అన్నీ ముందే వచ్చు. పోయిన ఏడు కూడా వచ్చు.

పోయిన ఏడు కూడా ఇంగ్లీషు సోమవారమే. సోమవారం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. మేమున్నది కామేశ్వరరావు ఇంట్లో, పరీక్ష పావుగంట నడకలో. నేను పిల్లను గడప దాటనివ్వలేదు. తొమ్మిది కొట్టాక శకునం చూద్దామని నేను ముందు వీధిలోకి పోయి, తిరిగొస్తూ పిల్లకు ఎదురు వచ్చాను. అనసూయ లోపలి నుంచి, "ఒంటి బాపనయ్య ఎదురొచ్చినాడు, మళ్లా కూర్చో" అంది. ఆ ఒంటి బాపనయ్యను నేనే. పిల్ల కూర్చుంది. హాలులోకి అడుగుపెట్టేసరికి అర్ధగంట పోయింది. చివర మిగిలిపోయిన ప్రశ్న మాటల అర్థాలది.

ఊరందరి పెళ్లిళ్లకూ ముహూర్తాలు పెట్టే మనిషిని నేను. నా ముహూర్తం వల్ల నా కూతురే ఫెయిలైందని తెలిస్తే నా గుమ్మం ఎవరు తొక్కుతారు? ఆ మాట నేను అనలేదు, పిల్లే గ్రహించింది. అందుకే తనకే మాటలు రాలేదని ఊరంతటికీ చెప్పింది. నేను విని నోరు మూసుకున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉండి నీకు ఆ ఉత్తరం రాశాను. నీ కార్డు వచ్చిన ప్రతిసారీ లలిత నా ఎదుట కూర్చుని, కొత్తగా వింటున్నట్టు తల ఊపేది. నన్ను ఆ మాటలు నేర్చుకోనిచ్చింది.

నాకు బస్సంటే భయం లేదు. అప్పుడు టైము ఏడూ నలభై, రాహుకాలం మొదలై పది నిమిషాలు. ఆ మెట్టు మీద లలిత నాతో అన్నది ఒక్కటే మాట. "నాయనా, నువ్వు దిగమంటే దిగుతా." ఏడాది పోగొట్టుకున్న పిల్ల, ఇంకోసారి పోగొట్టుకోవడానికి సిద్ధంగా, నవ్వుతూ అడిగింది. నా చేతులు ఆగలేదు, నెట్టేశాను.

నువ్వు ఇన్నాళ్లు పసుపు పూసి, ఊరి చేత మాటలు పడి పంపిన కార్డులు పనికిరాలేదని అనుకోవద్దు. అవి లేకపోతే ఈ ఏడాది నేను నా కూతురి ముఖం చూడలేకపోయేవాణ్ణి.

ఇట్లు,
నీ విశ్వేశ్వరయ్య

తా.క. జూన్ రెండున పొద్దున ఎనిమిదింటికి లలిత ఉద్యోగంలో చేరాలి. అదీ సోమవారమే. నేను బడి దాకా తోడు పోతాను. ఎదురు రాకుండా వెనకాల నడవమని అనసూయ చెప్పింది.